మూడు మంచి మాటలు

నవ్వనని మాటిస్తే చెబుతాను. మాటివ్వకపోయినా చెబుతాననుకోండి, ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు మీ చెవిన వేసేస్తారు. మొన్న శనివారం ఒక చర్చిలో, ముప్ఫైమంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థన చేసుకుంటుంటే, నేను గొంతు చించుకుని "ఒరేయ్" అని అరిచాను.

నేనండీ! మా ఇంటి సంగతి మీకు తెలుసు కదా. మా నాన్నగారు పర్చూరులో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పాలు పోసే అతన్ని 'మీరు' అంటారు. పరీక్ష తప్పిన పిల్లల్ని పిలిచి "మీరు ఇంకాస్త చదివి ఉండాల్సిందండీ" అనేవారు. చిన్నప్పుడు నన్ను నిద్ర లేపడం కూడా "ప్రసాద్ గారూ, బడికి వేళయిందండీ" అనే. అలాంటి ఇంట్లో పుట్టి, ముప్ఫై ఆరేళ్లు ఒక్క మనిషిని 'రా' అనకుండా బతికాను. ఆ రికార్డు కాస్తా దేవుడి సన్నిధిలో పోయింది. ఎలా పోయిందో చెబుతా వినండి.

నాలుగు నెలల కిందట మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మేనేజర్‌గా చేరాను కదా. అంతకుముందు పురుగుమందుల సేల్స్ చూసేవాణ్ణి. పత్తికి ఏ మందు, మిరపకి ఏ మందు అంటే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రాయి గురించి నాకు తెలిసింది మాత్రం ఒక్కటే, కాలికి తగిలితే నొప్పి పుడుతుంది. అయినా ఓనరు గారు నా మాటతీరు చూసి ముచ్చటపడి ఉద్యోగం ఇచ్చారు. "మీలాంటి నెమ్మదస్తుడే కావాలండీ, మావాళ్లు మంచోళ్లే గానీ నోటికి రౌడీలు" అన్నారు. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తానన్నారు.

నోటికి రౌడీలెవరో మొదటిరోజే తెలిసింది. ఏసోబు, కోటయ్య. ఇద్దరికీ నలభై దాటాయి. పంతొమ్మిదేళ్లుగా జోడీగా స్లాబులు ఎత్తి దించుతున్నారు. ఏసోబు పైన గొలుసు లాగుతూ స్లాబుని దించుతుంటాడు. కోటయ్య కింద గొంతుక్కూర్చుని అంచు పట్టుకుని దాన్ని స్టాండులోకి తిప్పుతుంటాడు. పైవాడికి కింద మూల కనపడదు, కిందవాడికి పైన గొలుసు కనపడదు. మధ్యలో మిషన్ల మోత. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే ఇక చూసుకోండి.

"ఒరేయ్ కోటిగా, జరపరా! కళ్లు చేలో ఎండబోసొచ్చావా!"

"నోర్ముయ్యరా, చూస్తన్నాగా! ఆపు! ఆపరా బాబూ, నీ చేతికి బ్రేకుల్లేవా!"

కోటయ్యకి ఎకరం మిరప ఉంది. ఏసోబు దాన్నీ వదలడు. "వీడి కాయలు వీడిలాగే, ఎంత ఎండబెట్టినా పచ్చి పోదు" అంటాడు. కోటయ్య దానికి తగ్గట్టు ఏసోబు బావమరిది బండి డ్రైవింగ్ గురించి ఎత్తుకుంటాడు. నేను మొదటిరోజు ఆఫీసు గదిలో కూర్చుని, పోలీసులకి ఫోన్ చెయ్యాలా అంబులెన్సుకా అని ఆలోచించాను. మధ్యాహ్నం చూస్తే ఇద్దరూ ఒకే క్యారేజీలో తింటున్నారు. కళ్లారా చూశాను. చూసి కూడా నాకేమీ అర్థం కాలేదు.

వీళ్లకి పూర్తిగా ఎదురు రత్నం. స్లాబుల మీద నీళ్లు పోసి, తడి ఆరుతుంటే వంగి చూసి, ఎక్కడ బీట ఉందో పట్టుకోవడం ఆవిడ పని. వెంట్రుకంత సన్నటి బీటలు. రాయంతా ఆరిపోయినా బీట ఉన్నచోట తడి కాస్త ఆలస్యంగా ఆరుతుందట. నాకు భూతద్దమిచ్చినా కనపడదు. ఆవిడకి కనపడగానే కొంగున ముడేసుకున్న సుద్దముక్క తీసి, బీట చుట్టూ చిన్న సున్న చుడుతుంది. ఆ సున్న చూసి మిగతావాళ్లు ఆ వైపు బరువు పడకుండా చూసుకుంటారు. మాటల్లేవు. 'ఊ', 'లేదు', 'అయింది', ఈ మూడింటితో ఆవిడకి రోజు గడిచిపోతుంది.

వీళ్లందరి మీద దానియేలు మేస్త్రి గారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. అరవరు, కసరరు, టీ గ్లాసు పట్టుకుని షెడ్డులో అటూ ఇటూ నడుస్తుంటారు. అసలు ఈయన చేసే పనేమిటా అని నాకు నెలరోజులు డౌటు.

పోయిన నెల ఓనరు గారు నన్ను విజయవాడలో రెండు రోజుల ట్రైనింగుకి పంపారు. టీమ్‌లో రకరకాల స్వభావాల మనుషులుంటారు, మేనేజరనేవాడు వాళ్లతో ఎలా నెగ్గుకురావాలి, అదీ సబ్జెక్టు. ఏసీ హాలు, కొత్త నోటుబుక్కు, మంచి భోజనం. మనుషులు నాలుగు రంగులట. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. అంతా శ్రద్ధగా రాసుకున్నాను. శ్రద్ధగా విన్నానని మాత్రం మీ దగ్గర అబద్ధమాడను.

తిరిగొచ్చిన మర్నాడే షెడ్డు గోడకి ఒక బోర్డు కొట్టించాను. నల్లబోర్డు, చుట్టూ చెక్క ఫ్రేము. దాని మీద అందరి పేర్లూ రంగుల్లో రాశాను. ఏసోబు, కోటయ్య ఎరుపు. రత్నం నీలం. మేస్త్రి గారు ఆకుపచ్చ. అన్నిటికంటే పైన నా పేరు. నాకు ఏ రంగు వెయ్యాలో తేలక నాలుగూ వేసుకున్నాను.

బోర్డు కింద రెండు రూల్సు పెట్టాను. మొదటిది, ఇకనుంచి యూనిట్‌లో ఒరేయ్, ఏరా, కోటిగా లాంటివి వినిపించకూడదు. గారు, అండి తప్పనిసరి. ఎవరైనా నోరు జారితే, ఎవరిని అన్నారో వాళ్ల గురించి అందరి ముందూ మూడు మంచి మాటలు చెప్పాలి. రెండోది, రాళ్ల మీద సుద్ద గీతలు బంద్. షెడ్డు చిన్నపిల్లల బడి గోడలా ఉంటోంది. చెప్పాల్సింది ఏదైనా సరే, పొద్దున పది నిమిషాల మీటింగులో నోటితో చెప్పాలి. "ముఖ్యంగా రత్నం గారు" అన్నాను, "మీలో బిడియం పోవాలండీ. ఈ మీటింగు మీకోసమే."

రత్నం నేల చూసింది. మేస్త్రి గారు గొంతు సవరించుకున్నారు.

"సార్, వాళ్లిద్దరూ అరుచుకోవడమంటే..."

"మేస్త్రి గారూ, మీటింగులో చెప్పండి" అన్నాను.

మీటింగులో ఆయన చెప్పలేదు. చెప్పడానికి టైమేదీ? పది నిమిషాలూ నేనే మాట్లాడాను.

మొదటిరోజే ఏసోబు దొరికిపోయాడు. "ఒరేయ్ కోటిగా" అని అలవాటుగా అనేసి నాలిక్కరుచుకున్నాడు. అందర్నీ పిలిచాను. ఏసోబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒకటి, వీడికి... తప్పు, ఈయనకి రెండు చేతులున్నాయి. రెండు, రెండు కాళ్లున్నాయి." చాలాసేపు కోటయ్యని పైనుంచి కిందికి చూశాడు. "మూడోది ఆలోచించుకుని రేపు చెబుతానండి."

"బుర్ర ఉందని చెప్పరా" అన్నాడు కోటయ్య. దాంతో కోటయ్య కూడా మూడు చెప్పాల్సొచ్చింది.

వారం తిరిగేసరికి షెడ్డులో గొడవన్నది లేదు. "ఏసోబు గారూ, కాస్త కిందికి వదులుతారా?" "అలాగేనండి కోటయ్య గారూ." ఆ మాటలు అంటున్నప్పుడు ఇద్దరి ముఖాలూ పంటి నొప్పి పుట్టినట్టుండేవి. మునుపు గంటలో అయ్యే పని రెండు గంటలు పట్టేది. నాకదేమీ పట్టలేదు. ఓనరు గారికి ఫోన్ చేసి "ఎంత ప్రశాంతంగా ఉందో మీరొకసారి వచ్చి చూడాలి సార్" అని మురిసిపోయాను. ఇంకో సంగతి, ఇద్దరూ వేరు వేరుగా తినడం మొదలుపెట్టారు. అదేంటని అడిగితే ఏసోబు అన్నాడు, "గారు తినే క్యారేజీలో మనమెట్టా చెయ్యి పెడతాం సార్?" నేను అది జోకనుకుని నవ్వాను. ఏసోబు నవ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పుడొచ్చింది రూతు టీచర్ గారి ఆర్డరు.

ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పర్చూరు దారిలో చిన్న పల్లెటూరు వాళ్లది. వాళ్ల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల పాత చెక్కది, చెదలు పట్టిపోయింది. పోయినేడు వాళ్లాయన చనిపోయారు. నలభై ఏళ్లు ఆ చర్చికి సంఘపెద్దగా ఉన్న మనిషి. ఆయన పేరున కొత్త బల్లకి రాయి ఇస్తానని ఆవిడ మొక్కుకున్నారు. చీమకుర్తి నల్లరాయి, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అతుకు లేకుండా ఒకే ముక్క. వచ్చే ఆదివారానికి ఆయన పోయి ఏడాది, అదే రోజు ప్రతిష్ఠ. ఆవిడ సోమవారం మా షెడ్డుకొచ్చి, రాళ్లన్నీ చేత్తో తడిమి, ఒకదాని దగ్గర ఆగిపోయారు. నల్లటి రాయిలో నూకల్లాగా మెరుపు చుక్కలు. "ఇది ఆయనకి నచ్చేది" అన్నారు. ఆ రకం బ్లాకులో అదే ఆఖరి స్లాబు. పగిలితే మళ్లీ అలాంటిది కావాలంటే ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

"మీరేం దిగులు పడకండి మేడమ్, మా టీమ్ ఇప్పుడు చాలా డిసిప్లిన్‌గా ఉంది" అన్నాను. అన్నానండీ, ఆ మాట!

బుధవారం పొద్దున మీటింగు. "రత్నం గారూ, మీరేమైనా చెబుతారా?" అని రోజూలాగే అడిగాను. ఆవేళ రత్నం తలెత్తింది. నోరు తెరిచింది. ఇన్నాళ్లకి! నాకు సంతోషం పట్టలేదు. "చూశారా, రత్నం గారు మాట్లాడబోతున్నారు! ఒక్కసారి అందరూ చప్పట్లు కొట్టాలి!" అన్నాను. అందరూ కొట్టారు. రత్నం ముఖం ఎర్రబడింది, నోరు మూసుకుంది. "ఏం లేదు" అంది. "ఫర్వాలేదండీ, రేపు ఇంకొంచెం ధైర్యంగా" అని ప్రోత్సహించాను.

గురువారం పదింటికి స్లాబుకి పాలిష్ అయిపోయింది. అద్దంలా మెరిసిపోతోంది. స్టాండులోకి దించుతున్నారు. పైన ఏసోబు, కింద కోటయ్య, పక్కన ఫోన్‌లో వీడియో తీస్తూ నేను. సగం దిగాక స్లాబు కాస్త పక్కకి తిరిగింది. కింద మూల నేలకేసి పోతోంది. కోటయ్యకి కనపడింది. నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఏసోబు గారూ, దయచేసి కొంచెం ఆపు..."

'ఆపుతారా' అనేలోపే టక్కుమంది.

ఇప్పటికీ ఆ వీడియో నా ఫోన్‌లో ఉంది. మర్యాద ఎంత బాగా వినిపిస్తుందో! విస్తరాకులో సగమంత ముక్క మూల దగ్గర తెగి నేల మీద పడింది. మిషన్లు ఆగాయి. ఏసోబు గొలుసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోటయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. పంతొమ్మిదేళ్లలో వాళ్ల చేతుల్లో ఒక్క రాయి పగల్లేదని తర్వాత తెలిసింది. అప్పుడైనా ఒకణ్ణొకడు తిట్టుకుంటారేమోనని చూశాను. లేదు. "పొరపాటు నాదేనండి" అన్నాడు ఒకడు. "కాదండి, నాది" అన్నాడు ఇంకొకడు.

రత్నం వచ్చి తెగిన అంచు మీద వేలు పెట్టి చూసింది. రెండో గుప్పిట్లో సుద్దముక్క, చెమటకి నానిపోయి ఉంది.

"మీకు ముందే తెలుసా రత్నం గారూ?"

"ఊ."

"మరి చెప్పలేదేమండీ?"

ఆవిడ బోర్డు వైపు చూసింది. మేస్త్రి గారు మెల్లిగా అన్నారు, "నిన్న మీటింగులో చెప్పబోయింది సార్. మీరు చప్పట్లు కొట్టించారు."

నేను ఆఫీసు గదిలోకి పోయి తలుపేసుకున్నాను. అరిచేవాళ్ల నోరు నొక్కేశాను, నోరు విప్పనావిడని అరవమన్నాను, ముగ్గురి చేతా వాళ్ల పని మాన్పించాను. ఇంత తెలివి విజయవాడలో నాకెవరు నేర్పారా అని నోటుబుక్కు తీశాను. రెండో రోజు పేజీలో నా చేతిరాతే, కింద రెండు గీతలు కూడా గీసి ఉంది. 'మనిషిని మార్చే పని పెట్టుకోవద్దు, మనిషికి తగిన చోటు చూడాలి.' దాని కిందే ఇంకో లైను. 'గుత్తివంకాయ అదిరింది.' ఆ లైను కింద మూడు గీతలున్నాయి.

తలుపు చప్పుడైంది. మేస్త్రి గారు, చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి నాకిచ్చారు.

"మేస్త్రి గారూ, ఇప్పుడేం చేద్దామండీ? ఆ రాయి ఇక పారెయ్యాల్సిందేనా?"

"బీట ఉందని రాయిని పారెయ్యం సార్" అన్నారాయన. "ఎక్కడ బీటుందో తెలిస్తే చాలు, ఆ వైపు బరువు పెట్టకుండా వాడుకుంటాం. అన్ని రాళ్లకీ ఏదో ఒక బీట ఉంటానే ఉంటది." టీ తాగారు. "మన పని ఇన్నాళ్లూ అట్టానే జరిగింది."

ఆయన ఏం పని చేస్తారో అప్పటికి తెలిసింది నాకు.

షెడ్డులోకి వెళ్లి మూడే మూడు మాటలు చెప్పారు. "రత్నం, నువ్వు గియ్యి. నాలుగు మూలలూ ఒకేలాగా గుండ్రంగా పోతే ఆ విరిగిన చోటు అందులో కలిసిపోద్దేమో చూడు. ఏసోబూ, కోటయ్యా, మీరు తిట్టుకోండి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తలూపాను.

"ఒరేయ్!" అన్నాడు ఏసోబు. వారం రోజులు నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా గుండెనిండా ఊపిరి పీల్చుకుని మరీ అన్నాడు. "ఒరేయ్ కోటిగా, ఏడుపు మొహమా, పట్టరా ఇటు!"

"నువ్వు ముందు గొలుసు చూసుకోరా, చేతగాని ఎదవా!"

షెడ్డు మళ్లీ మామూలైపోయింది.

"మరి నేను?" అన్నాను మేస్త్రి గారితో.

"టీచరమ్మ గారు పదకొండింటికి వస్తానన్నారు. ఆవిడకి నిజం చెప్పండి. మెత్తగా చెప్పడం మా ఎవరికీ రాదు సార్. అది మీ పనే."

రూతు టీచర్ గారు వచ్చారు. కుర్చీ వేశాను. మంచినీళ్లిచ్చాను. ఎండల గురించి అడిగాను. దారిలో మిరప బస్తాల లారీలు అడ్డం వచ్చాయా అని అడిగాను. ఈసారి పత్తి ఎలా ఉందన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"బాబూ, ముప్ఫయ్యేళ్లు పిల్లలతో వేగాను. ఇంత వినయంగా మాట్లాడినవాడెవడూ తప్పు చెయ్యకుండా నా దగ్గరికి రాలేదు. ఏం పగలగొట్టావు?"

చెప్పేశాను. బోర్డు, రూల్సు, చప్పట్లు, ఏదీ దాచలేదు. ఆవిడ లేచి షెడ్డులోకి నడిచారు. రత్నం స్లాబు మీద వంగి, దారం కట్టిన సుద్దతో వంపు గీస్తోంది. నాలుగు మూలలూ ఒకే తీరున. విరిగిన చోటు గీతకి అవతలే ఉండిపోయింది, వేలెడు తేడాలో. టీచర్ గారు వంగి నాలుగు గీతలూ చూశారు.

"పాత బల్ల మూల ఆయన తొడకి తగలని ఆదివారం లేదు" అన్నారు చివరికి. "ఇంటికొచ్చి నా చేత కొబ్బరినూనె రాయించుకునేవారు. బల్లని మాత్రం ఒక్క మాట అనేవారు కాదు." రత్నం గీసిన వంపు వైపు చెయ్యి చూపించారు. "గుండ్రంగానే ఉండనివ్వండి. ఆ విరిగిన ముక్క పారెయ్యకండి, నాకివ్వండి. పండుమిరప పచ్చడి జాడీ మీద బరువుకి పనికొస్తుంది."

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే నా పరువు సగమైనా మిగిలేది.

శనివారం మధ్యాహ్నం రాయిని చర్చికి తీసుకెళ్లాం. ఏసోబు, కోటయ్య, మేస్త్రి గారు, బండి డ్రైవరు మోయడానికి. రత్నం గోనెపట్టాలు పరచడానికి. నేను పర్యవేక్షణకి. గుమ్మం దగ్గర పాస్టర్ గారు వేలు పెదాల మీద పెట్టుకుని ఎదురొచ్చారు. లోపల స్త్రీల కూడిక జరుగుతోందట, అందరూ మౌన ప్రార్థనలో ఉన్నారట. "ఒక పది నిమిషాలు ఆగుతారా?" అన్నారు.

ఆగుతామని చెప్పచ్చు కదా! నా నోరుందే. "అయ్యో, మీరు ఇబ్బంది పడకండి, మేం చప్పుడు చెయ్యకుండా పెట్టేసి వెళతామండీ" అన్నాను. వెనక్కి తిరిగి మావాళ్లతో "ఒక్క మాట వినపడకూడదు" అన్నాను. మేస్త్రి గారు నన్నొక చూపు చూశారు. నేను వినయంగా నవ్వాను.

లోపలికి నడిచారు. కోటయ్య వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, ఏసోబు ముందుకి. పక్కన మిగతా ఇద్దరూ. ముప్ఫైమంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని తలలు వంచుకుని ఉన్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బల్ల ఉన్న వేదికకి ఒక మెట్టుంది. కోటయ్య వీపు అటే ఉంది. ఇంకో మూడడుగులు. ఏసోబు చూశాడు. నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నోరు మూశాడు. మళ్లీ గుసగుసగా మొదలుపెట్టాడు, "కోటయ్య గారూ, తమరి వెనక..."

రెండడుగులు. ఆ టక్కుమన్న చప్పుడు నా చెవిలో మళ్లీ వినిపించింది. రేపే టీచర్ గారి భర్త పోయిన రోజు. ఆఖరి స్లాబు. కోటయ్య మడమ మెట్టుకి తగలబోతోంది.

"ఒరేయ్ కోటిగా! మెట్టురా! ఆగరా బాబూ!"

ఎవరు అరిచారా అని నేనూ అటూ ఇటూ చూశాను. నేనే.

కోటయ్య మంత్రించినట్టు ఆగిపోయాడు. మడమకీ మెట్టుకీ మధ్య అంగుళం. ముప్ఫై జతల కళ్లు తెరుచుకుని నన్ను చూస్తున్నాయి. ముందు వరసలో రూతు టీచర్ గారు. పాస్టర్ గారి చేయి గాల్లోనే ఉండిపోయింది. అప్పుడు వెనక మూలనుంచి చెవులు సరిగా వినపడని ఒక ముసలావిడ, ప్రార్థన ముగిసిందనుకుని కాబోలు, గట్టిగా "ఆమేన్!" అంది. దాంతో అందరూ "ఆమేన్" అన్నారు. నేను కూడా అన్నాను, ఏం చెయ్యను?

"ఎత్తరా కాలు! ఇంకొంచెం! ఇటు రా!" ఇక ఏసోబు గొంతుకి అడ్డు లేదు. పాస్టర్ గారు కూడా "కుడిపక్కకి, కుడిపక్కకి" అని మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో రాయి బల్ల మీద కూర్చుంది. రత్నం కొంగుతో ఒకసారి తుడిచింది. రూతు టీచర్ గారు వచ్చి గుండ్రటి మూల మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డారు.

నేను ఎవరి కంటా పడకుండా గుమ్మం వైపు జారుకుంటున్నాను.

"సార్."

ఎవరి గొంతో తెలీలేదు. తిరిగి చూశాను. రత్నం! ఎవరూ అడక్కుండా, ఎవరూ చప్పట్లు కొట్టకుండా, తనంతట తనే మాట్లాడుతోంది.

"మూడు మంచి మాటలు సార్."

బోర్డు మీద ఆ రూలు చెరపడం మర్చిపోయానండీ! మేస్త్రి గారు పైకప్పు చూస్తున్నారు. డ్రైవరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ముప్ఫైమంది ఆడవాళ్లూ చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. రూతు టీచర్ గారు చేతులు కట్టుకుని, పాఠం ఒప్పజెప్పించుకునే ముఖం పెట్టారు.

"ఒకటి, కోటయ్య గారికి చెవులు బాగా పనిచేస్తాయి" అన్నాను. "రెండు, చెప్పగానే ఆగుతారు. మూడు..."

తడుముకున్నాను. తర్వాత నిజంగా నా మనసులో ఉన్నదే చెప్పాను. "మూడు, ఆయనకి ఏసోబు ఉన్నాడు."

కోటయ్య తల దించుకున్నాడు. ఏసోబు ముఖం మీద చెమట తుడుచుకున్నాడు.

"అది నా గురించి సార్, వాడి గురించి కాదు" అన్నాడు. "మూడోది ఆలోచించుకుని రేపు చెప్పండి."

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికే మా నాన్నగారికి తెలిసిపోయింది. "ప్రసాద్ గారూ, చర్చిలో ఏదో సెలవిచ్చారట" అన్నారు.

ఇవాళ పొద్దున యూనిట్‌కి వెళ్లి, ముందు ఆ బోర్డు దగ్గరికి పోయాను. తడిగుడ్డ పట్టుకుని మరీ పోయాను. రూల్సు రెండూ తుడిచేశాను. ఇక పేర్లు తుడవబోతూ పైకి చూశాను. నాలుగు రంగుల్లో నా పేరు. దాని చుట్టూ సుద్దతో, చక్కగా, చిన్న సున్న.

షెడ్డులో రత్నం స్లాబు మీద నీళ్లు పోస్తోంది, నా వైపు చూడలేదు. నేను గుడ్డ ఎత్తాను. వెనకనుంచి మేస్త్రి గారు టీ గ్లాసుతో వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనివ్వండి సార్, మాకు గుర్తుండాలిగా."